పది అంగలు వెనక

నా రాతలో తప్పులుంటే మన్నించాలి. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తు దగ్గర ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది, ఆగినప్పుడు ఏం రాయబోయానో మరిచిపోతాను, మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటే గానీ గుర్తు రాదు. నేను చెప్పబోయేది ఒక్క గంట సంగతి. అది రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. మీరూ నెమ్మదిగానే చదవండి.

పదిహేడో గుంట దగ్గర చెక్కబల్ల మీద కూర్చున్నాను, మా ముందు రెండు జట్లు ఆగి ఉన్నాయి, గాలి నీళ్ళ మీద నుంచి లేచి మొహానికి కొడుతోంది, నా పక్కన కోడలు బూటులో చేరిన ఇసుక దులుపుకుంటోంది, నాలుగడుగుల దూరంలో క్యాడీ మేస్త్రీ కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. రేపటి నుంచి ఆయన పనిలోకి రాడు. నలభై ఏళ్ళు సంచులు మోసేవాళ్ళందరినీ ఆడించిన మనిషి, ఎవరు ఏ దొర వెంట వెళ్ళాలో, ఎవరు ఇంటికి వెళ్ళాలో చెప్పిన మనిషి, ఇవాళ సాయంత్రంతో సరి. ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పడానికి నాకు మనిషి దొరకడు. ఇరవై రెండేళ్ళ కిందట మీరు నా మొగుణ్ణి పనిలోంచి తీసేసిన ఆ తప్పు ఆయనది కాదండీ, నాది, అని. ఈ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని పదహారు గుంటలూ ఆడాను. ఒక్కో గుంట దగ్గర, ఇక్కడ కాదులే తర్వాతదాని దగ్గర అనుకున్నాను. ఇంక తర్వాత అనడానికి ఒక్కటే మిగిలింది, అది ఆఫీసు కిటికీల ఎదురుగా ఉంటుంది, అక్కడ అందరూ ఉంటారు.

గోల్ఫ్ ఆట తెలియని వాళ్ళ కోసం చెప్తాను, తెలిసినవాళ్ళు ఓపిక పట్టాలి. చిన్న తెల్ల బంతిని కర్రలతో కొట్టుకుంటూ పోయి, దూరదూరంగా ఉన్న పద్దెనిమిది గుంటల్లో ఒకదాని తర్వాత ఒకదాంట్లో వెయ్యాలి, ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. అంతే ఆట. నేనూ మొదట్లో ఈ మాత్రం దానికి ఇంత హడావుడి ఎందుకో అనుకున్నదాన్నే. మా మైదానం సముద్రపు పాయకి ఆనుకుని పోతుంది. మూడో గుంట దగ్గర మొదటిసారి నీళ్ళు కనిపిస్తాయి, చెట్ల సందులోంచి, ఎవరో అద్దం వాల్చి పెట్టినట్టు. ఎనిమిదో దగ్గర పక్కకి వస్తాయి. పన్నెండో దగ్గర ఎడమ చెయ్యి చాస్తే తడుస్తుందేమో అనిపిస్తుంది. పదిహేడో దగ్గర ఇంక దారే లేదు. ఇవతల రాతి గుట్ట మీద బంతి పెట్టే దిబ్బ, అవతల నాలుకలాగా నీళ్ళలోకి చొచ్చుకొచ్చిన నేల మీద పచ్చటి గ్రీను, దాని నడుమ గుంట, మధ్యలో నూట నలభై అంగల నీళ్ళు. ఒక్క దెబ్బకి దాటాలి. తక్కువైతే నీళ్ళు, ఎక్కువైతే వెనక రాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో మనుషులు దీన్ని చూడటానికే వస్తారు, నిలబడి ఫొటోలు తీసుకుంటారు, అందంగా ఉందంటారు, రెండు బంతులు పారేసుకుని మొహం మాడ్చుకుని పోతారు.

పెద్ద పోటీ అయిన మర్నాడు మైదానం మూస్తారు. ఏడాదిలో ఆ ఒక్కరోజు పనివాళ్ళం ఆడతాం. ముందు మగవాళ్ళే ఆడేవారు, మేం నీళ్ళు మోసేవాళ్ళం. ఈమధ్య మమ్మల్నీ ఆడనిస్తున్నారు. చనిపోయిన పనివాడి పెళ్ళామో బిడ్డో వస్తే ఆయన వాడిన కర్రలు స్టోరులోంచి తీసి ఇస్తారు, ఆ వాడుక ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నా సంచిలో ఉన్నవి పోయిన మా ఆయన కర్రలే. నాకు పొడుగెక్కువ. కింద పట్టుకుని కొడతాను, పై కొస పొట్టలో పొడుచుకుంటుంది.

"మేస్త్రీగారూ, ఇంకాసేపు ఇలాగే కూర్చుంటే నీళ్ళు వాటంతటవే వెనక్కి పోతాయి, నడిచి అవతలికెళ్ళి కొట్టుకోవచ్చు," అన్నాడు మా జట్టులో నాలుగో మనిషి, వంటాయన.

"నువ్వెలా కొట్టినా నడిచెళ్ళి తెచ్చుకోవాల్సిందేగా," అన్నాడు మేస్త్రీ.

"నా బంతులన్నీ ఈత నేర్చినవేనండీ."

కోడలు నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే నీళ్ళకి అవతల చూశాను. అక్కడ మా అబ్బాయి జెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పనివాళ్ళ ఆటలో పదిహేడో దగ్గర ఒక మనిషి గ్రీను పక్కన నిలబడతాడు, బంతి నేల మీద పడితే జెండా ఎత్తుతాడు, నీళ్ళలో పడితే దించుతాడు. ఇవతలి నుంచి కనపడదు కదా. ఇంత దూరం నుంచి వాడు వేలెడంత ఉన్నాడు, అయినా నిలబడే తీరు తెలుస్తూనే ఉంది, బరువంతా ఒక కాలి మీద వేసి, అచ్చం వాళ్ళ నాన్నలాగా. ఆ మాట వాడితో అనకూడదు. అంటే కాలు మారుస్తాడు.

ఆయన అంగ సరిగ్గా గజం. పెళ్ళయిన కొత్తలో నేను పక్కన నడవలేకపోయేదాన్ని, ఏమిటా నడక అంటే, పని అనేవాడు. క్యాడీ అంటే సంచి మోసేవాడు మాత్రమే కాదే, దూరం చెప్పేవాడు. అయ్యా ఇక్కడి నుంచి నూట అరవై, గాలి ఎదురు, ఫలానా కర్ర తీసుకోండి, అని చెప్పాలి. ఆట ఆడేవాడికి మన కాళ్ళే కళ్ళు. అందుకని ఆయన మైదానమంతా అంగలతో కొలిచి ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నాడు, గుంటకో పేజీ, మైనపు గుడ్డ అట్ట, దానికో రబ్బరు బ్యాండు. నీళ్ళని అంగలతో కొలవలేరుగా అని నేను వెక్కిరించాను. ఒక సెలవు రోజు మేకుకి తాడు కట్టి, ఆ కొస నా చేతికిచ్చి, రెండో కొసతో తను ఈదుకుంటూ అవతలికి పోయాడు. తర్వాత ఆ తాడుని గడ్డి మీద పరిచి అంగలు వేశాడు. నేను తాడు గట్టిగా పట్టుకున్నాను. నూట నలభై. పుస్తకంలో ఆ అంకెలో సగం నీది అన్నాడు. అప్పటికి మాకు పిల్లవాడు పుట్టలేదు.

నాది కలుపు తీసే పని. గ్రీన్ల మీద, దిబ్బల మీద మోకాళ్ళు ఆనించి, చిన్న కత్తితో, ఒక్కో మొక్క వేరుతో సహా. ఆట ఆడేవాళ్ళకి గ్రీను పచ్చగా కనపడుతుంది, నాకు అరచేతికి తెలుస్తుంది, ఎటు దువ్వినట్టుంటుందో, ఎక్కడ నేల లోపల మెత్తగా ఉందో. ఇరవై ఏళ్ళు చేస్తే కలలో కూడా వేళ్ళు కదులుతుంటాయి. పొద్దున్నే మా ఆడవాళ్ళకి ఇంకో పని కూడా ఉండేది, దిబ్బల మీద తెల్ల దిమ్మలు మార్చడం. రెండు చెక్క దిమ్మలు, వాటి మధ్య నుంచే బంతి కొట్టాలి. ఒకే చోట కొడితే గడ్డి చచ్చిపోతుందని రోజూ వాటిని ముందుకో వెనక్కో జరుపుతారు. ఇవాళ ముందు, ఇవాళ మధ్య, ఇవాళ వెనక, అని సూపర్‌వైజరు చెప్పేవాడు, మేం జరిపేవాళ్ళం. పదిహేడో దిబ్బ నా వంతు. నోటితో చెప్పినన్నాళ్ళూ నాకు చదువు రాదన్న సంగతి నాకే గుర్తుండేది కాదు.

"అత్తయ్యా, చలేస్తోందా? చేతులు ముడుచుకుని కూర్చున్నారు."

"గాలికి."

కోడలు నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. బ్యాటరీ బళ్ళకి చార్జింగు పెట్టే పని దానిది, వేళ్ళ చివర నల్లగా ఉంటాయి. నాకు అక్షరాలు నేర్పినవి ఆ వేళ్ళే. వంటగది బల్ల మీద, వాడేసిన స్కోరు కార్డుల వెనక. అ రాసి, అత్తయ్యా ఇది మీరే అనేది. ఆయన పోయిన ఏడాది అది. ట్రంకులో అడుగున నోటుపుస్తకం దొరికింది, నేను చదివి పెట్టనా అంది, వద్దు నేనే చదువుకుంటాను అన్నాను. ఎందుకు అలా అన్నానో, నాలో ఏ మూలో భయం ఉండే ఉంటుంది.

ఇరవై రెండేళ్ళ కిందటి ఆ రోజు సూపర్‌వైజరుకి జ్వరం. పెద్ద పోటీకి, అంటే కప్పు ఆటకి, ఆఖరి రోజు. షెడ్డు తలుపు దగ్గర రాయి కింద చీటీ పెట్టి పోయాడు, ఏ దిబ్బ మీద దిమ్మలు ఎక్కడుండాలో అందులో రాసి ఉంది. మంచు తెరలు తెరలుగా నీళ్ళ మీద నుంచి వస్తోంది, పక్కన నాలుగడుగుల్లో మనిషి కనపడడు. తక్కిన ఆడవాళ్ళు చీటీ చూసుకుని వెళ్ళిపోయారు, నా చేతికి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. చీటీలో అంకెలైతే తెలిసేవి. అంకెలు కాదు, మాటలు. ఎవర్నైనా అడగొచ్చు. క్యాడీలు అప్పటికే షెడ్డు అవతల టీ తాగుతున్నారు, అందులో ఆయనా ఉన్నాడు, నవ్వు వినపడుతోంది. వెళ్ళి అందరి ముందూ ఇందులో ఏముందో చదవండి అంటే పోయేది. పోయేది, ఇప్పుడు అనుకుంటే ఎంత చిన్న సంగతి. నేను చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. పోయినేడు ఆఖరి రోజు దిమ్మలు వెనక పెట్టించారు, పెద్దవాళ్ళకి కష్టంగా ఉండాలని, ఈ ఏడూ అంతేలే అనుకున్నాను. వెనక పెట్టాను. అందులో మధ్య అని ఉందని ఆట అయ్యాక తోటి ఆడవాళ్ళ మాటల్లో తెలిసింది. మధ్యకీ వెనక్కీ దూరం పది అంగలు.

అవతల జెండా దిగింది. ముందు జట్టులో తోటమాలి బంతి నీళ్ళలో పడింది. వాడు కర్రని నేలకేసి కొట్టి, "ఇది గుంట కాదురా బాబూ, శత్రువు," అన్నాడు. వంటాయన వెనక నుంచి, "బంతి కడుక్కోవడానికి వెళ్ళింది, వస్తుంది, కూర్చో," అన్నాడు. ఒక తెల్ల కొంగ లేచి, మళ్ళీ అక్కడే వాలింది. నీళ్ళు మెరుస్తున్నాయి. నీళ్ళు చూస్తే నాకు మూడో గుంట దగ్గర ఒక రకంగా ఉంటుంది, ఇక్కడ ఒక రకంగా ఉంటుంది. ఆయన పోయాక నేనీ దిబ్బ మీదికి రావడం ఇదే మొదటిసారి. దిమ్మలు ఎక్కడున్నాయో చూడకుండా వచ్చి కూర్చున్నాను.

ఆ కప్పు ఆటలో ఆడిన ఒక జడ్జిగారికి మా ఆయన క్యాడీ. అప్పటికి నాలుగేళ్ళుగా ఆయన్నే తీసుకునేవారు, ఇతని మాటంటే మాటే అనేవారు. కప్పు ఇంచుమించు చేతికి వచ్చేసింది, రెండు గుంటలే మిగిలాయి. పోటీ రోజుల్లో మేం పనివాళ్ళం కంచె వెనక కూర్చోవాలి, కనపడకూడదు. గ్రీను పక్క పొదల వెనక నేనున్నాను. బంతి మంచులోంచి వచ్చి ఒడ్డు మీద పడింది. ఆ ఒడ్డు మేం నున్నగా కత్తిరిస్తాం. బంతి అక్కడ ఆగింది, ఆలోచించుకున్నట్టు, తర్వాత మెల్లగా వెనక్కి దొర్లింది. టప్ మన్న చప్పుడు కూడా లేదు. ఆ రోజు మొత్తం పదకొండు మంది బంతులు నీళ్ళలో పడ్డాయి. తక్కినవాళ్ళు గాలిని తిట్టుకుని పోయారు. జడ్జిగారు మనిషిని తిట్టారు.

మేస్త్రీ ఆ సాయంత్రమే క్యాడీల హాజరు పుస్తకంలో రాశాడు, చూపు తగ్గింది, దూరం తప్పు చెప్పాడు, అని. మర్నాటి నుంచి ఆయనకి సంచి లేదు. బంతులు కొట్టడం నేర్చుకునే చోట, జనం కొట్టిపారేసిన బంతులు బుట్టలో ఏరే పని ఇచ్చారు. పద్దెనిమిదేళ్ళు ఏరాడు, పోయేదాకా. గజం అంగ ఎక్కడ పోయిందో, చిన్న చిన్న అడుగులు వేసేవాడు.

కప్పు పోయిన ఆ సాయంత్రం ఆయన ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. పంట్లాం అంచులు తడిసి, గడ్డి గింజలు అంటుకుని ఉన్నాయి. నీళ్ళ దగ్గర కూర్చుని వచ్చాడేమో అనుకున్నాను. కంచం ముందు కూర్చుని, "గాలి తిరిగింది," అన్నాడు. నేను, "తిరిగిందేమోలే," అన్నాను. చీటీ అప్పటికే పొయ్యిలో పెట్టేశాను. ఆ విషయం మీద మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు ఇవే, ఆ రెండే, ఇంకెప్పుడూ జరగలేదు. చెప్దామనుకున్నాను. రేపు చెప్దాం, పిల్లవాడు పడుకున్నాక చెప్దాం, నా పని కూడా పోతే ఇల్లెలా, వీడి బడి ఎలా, కొంచెం కుదురుకున్నాక చెప్దాం. చెప్పని ప్రతిరోజూ మర్నాటి మీద ఒక ఇటుక పెట్టి పోయింది. తర్వాత గోడ ఎంత ఎత్తైందంటే దానికి అటుపక్క ఏముందో నాకే కనపడలేదు.

ఆఫీసువాళ్ళు ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి పంపారు. కళ్ళద్దాలతో వచ్చాడు. దానితో నాకు ఎంత నెమ్మది కలిగిందో రాయడానికి సిగ్గుగా ఉంది. చూపు నిజంగానే తగ్గిందేమో, నా దిమ్మల వల్ల కాదేమో. రోజూ పొద్దున ఆ అద్దాలు నా కొంగుతో తుడిచి చేతికిచ్చేదాన్ని. ఆయన పోయాక ఒకరోజు కోడలు సరదాకి పెట్టుకుని, "అత్తయ్యా, ఇవి ఉత్త అద్దాలు, ఇందులో ఏమీ లేదు," అంది. తీసి లోపల పెట్టు అన్నాను. అప్పటికీ నాకు అర్థం కాలేదు, కాకుండా చూసుకున్నాను.

మా అబ్బాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. బడిలో గుడ్డోడి కొడుకు అనేవారు, బంతి విసిరి, ఎంత దూరమో చెప్పరా అని నవ్వేవారు. ఇంటికొచ్చి తండ్రితో మాట్లాడేవాడు కాదు. ఒకసారి, పదిహేడేళ్ళప్పుడు, నా ముందే అడిగాడు, "కళ్ళు కనపడనప్పుడు ముందే ఒప్పుకుని తప్పుకోవచ్చుగా నాన్నా? అంత గొప్ప ఏమిటి?" ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "నిజమేరా," అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఒక్క రాయి కూడా లేదు అందులో, ఏరుతూనే ఉన్నాను. తర్వాత వాడు ఈ మైదానంలోనే గడ్డి కోసే బండి మీద పనికి చేరాడు, తండ్రి బంతులు ఏరే చోటికి మాత్రం బండి తోలనని రాయించుకున్నాడు. ఆయన పోయిన రోజు కూడా వాడు ఏడవలేదు.

నోటుపుస్తకం చదవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆయనది గొలుసు రాత. మొదటి గుంట, రెండో గుంట, వరసగా చదువుకుంటూ పోయాను, దాటవెయ్యలేదు. ప్రతి పేజీలో తేదీ, దిమ్మలు ఎక్కడున్నాయని ఆఫీసు కార్డులో ఉందో, తను మళ్ళీ వెళ్ళి అంగలు వేసి చూస్తే ఎంతో. కార్డుని ఎప్పుడూ నమ్మలేదు, ప్రతి దిబ్బా ప్రతిరోజూ కొలుచుకున్నాడు. పదిహేడో పేజీలో పాత నూట నలభై తప్ప రోజువారీ కొలతలు లేవు. పైన ఒక్క వాక్యం ఉంది. "ఇది ఆమె పెట్టేది, కొలవక్కర్లేదు." కింద, కప్పు ఆట తేదీ, వేరే సిరాతో, "పది అంగలు వెనక." అంతే. ఆ కింద పేజీ అంతా ఖాళీ. నేను ఆ రెండు ముక్కలూ వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను, మళ్ళీ చదివాను, చదవడం తప్పేమోనని మళ్ళీ. తడిసిన పంట్లాం. ఆ సాయంత్రం దిబ్బ మీదికి వెళ్ళి కొలుచుకున్నాడు. తెలుసు. దిమ్మలు తప్పున్నాయని ఒక్క మాట అంటే మేస్త్రీ ఆయన్ని వదిలేసేవాడు, నన్ను పట్టుకునేవాడు. అనలేదు. ఉత్త అద్దాలు కొనుక్కుని పెట్టుకున్నాడు.

"నీ వంతు వస్తోందమ్మా, కర్ర తీసుకో," అన్నాడు మేస్త్రీ.

లేచాను. "మేస్త్రీగారూ, ఒక మాట," అన్నాను.

"ఏ కర్రనా? ఆరో నంబరుది తియ్యి. గాలి ఎదురు."

"కర్ర కాదండీ. జడ్జిగారి కప్పు ఆట నాటి సంగతి."

"ఏ జడ్జిగారు?"

"ఇక్కడ బంతి నీళ్ళలో పడి కప్పు పోగొట్టుకున్నారే, ఆ జడ్జిగారు."

"ఎర్ర టోపీ ఆయనా? ఆయన డాక్టరు కదూ."

"జడ్జే. ఆయనకి మా ఆయన క్యాడీ."

మేస్త్రీ కళ్ళు చిన్నవి చేసి నా మొహంలో వెతికాడు. "మీ ఆయన బంతులు ఏరేవాడు కదమ్మా. మంచి మనిషి, పల్లెత్తు మాట అనేవాడు కాదు."

"అంతకు ముందు క్యాడీ అండీ. పదహారేళ్ళు. మీ దగ్గరే. మీరే తీసేశారు."

"నేనా?"

"చూపు తగ్గింది, దూరం తప్పు చెప్పాడు, అని రాశారు. చూపు తగ్గలేదు. దూరం ఆయన సరిగ్గానే చెప్పాడు. దిమ్మలు తప్పు పెట్టింది నేను. చీటీ చదవడం రాక వెనక పెట్టాను. ఇరవై రెండేళ్ళు నోరు మూసుకున్నాను."

చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను, అరుస్తాడనుకున్నాను, దానికి ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన నీళ్ళ వైపు తిరిగాడు. గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే కష్టపడుతున్నాడు, అది కనపడుతోంది, పెదాలు కదుపుతున్నాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు. "ఎంతమందికో రాశానమ్మా. ఒక్కటీ గుర్తు లేదు. ఆ పుస్తకాలు కూడా షెడ్డు కారినప్పుడు తడిసి ముద్దయిపోతే పారేశాం." "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు, బెదిరింపుగా కాదు, దారి అడిగినట్టు.

కొట్టేయించాలనుకున్న రాత ఎక్కడా లేదు. రాసిన మనిషికి అది గుర్తు లేదు. ఇన్నేళ్ళూ ఈ మైదానంలో ఎవరి తల మీద ఆ మాట ఉందని నేను భయపడ్డానో, వాళ్ళెవరూ దాన్ని మొయ్యలేదు. మోసింది మా ఇంట్లో ముగ్గురమే.

కోడలు బూటు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. వంటాయన సంచి జిప్పు తెరిచి మూస్తున్నాడు.

"విన్నావా?" అన్నాను కోడలితో.

"విన్నాను."

"వాడికి..."

"నేను చెప్పను అత్తయ్యా." గొంతు కఠినంగా లేదు, కానీ గట్టిగా ఉంది. అవతలి ఒడ్డు వైపు గడ్డం ఎత్తి చూపించింది. "మీరే చెప్పాలి."

దిబ్బ ఎక్కి బంతి పెట్టాను. ఆరో కర్ర తీశాను, కొస పొట్టలో గుచ్చుకుంది. ఎదురుగా ఎంత నీళ్ళో చూడలేదు, బంతినే చూశాను, బంతి కింద గడ్డిని చూశాను, అందులో ఒక కలుపు మొలక ఉంది, చిన్నది, రెండాకులది, ఎవరో చూడకుండా వదిలేశారు. కొట్టాను. చేతులకి ఏమీ తెలియలేదు. బాగా తగిలితే చేతులకి తెలియదని ఆయన చెప్పేవాడు, నేను నమ్మేదాన్ని కాదు. తల ఎత్తేసరికి బంతి ఎక్కడుందో కనపడలేదు. వంటాయన, "అక్కా," అని ఆగిపోయాడు.

అవతల జెండా లేచింది. ఒక చేత్తో కాదు, రెండు చేతులతో ఎత్తి ఊపుతున్నాడు, ఎగురుతున్నాడు, ముప్పై ఆరేళ్ళవాడు. ఏదో కేకేస్తున్నాడు, గాలి దాన్ని ముక్కలు చేసి తెచ్చింది, అమ్మ అన్నది ఒక్కటే తెలిసింది. వాడు అలా నవ్వడం నేను చూసి ఎన్నేళ్ళయిందో.

నీళ్ళ చుట్టూ అవతలికి నడిచే బాట ఉంది, రాళ్ళ మీదుగా. మేస్త్రీ బంతి గ్రీను మీద పడింది, వంటాయన బంతి మునిగింది, కోడలిది రాళ్ళకి తగిలి ఎటో పోయింది, వాళ్ళు వెనక వస్తున్నారు. నేను ముందు నడిచాను. నెమ్మదిగా నడిచాను. వాడి మొహం మీద ఆ నవ్వు నేను చేరేదాకానైనా ఉండాలి. చెప్పకుండా ఉండొచ్చు. ఎవరూ అడగలేదు. మేస్త్రీ రేపటికి మరిచిపోతాడు, వంటాయన మంచివాడు. అవునురా బాగా కొట్టాను అని, పన్నెండేళ్ళవాడిలా మెరుస్తున్న ఆ కళ్ళు చూసి, ఇంటికి పోయి, కాళ్ళకి వేడినీళ్ళు పెట్టుకుని పడుకోవచ్చు. ఆయనా అదే కోరుకున్నాడేమో. అందుకే కదా పద్దెనిమిదేళ్ళు నోరు విప్పలేదు. కానీ ఆయన దాచింది నన్ను. వాడి దగ్గర పోగొట్టుకున్నది తనని. అది ఎవరు తిరిగి ఇస్తారు.

"ఏం కొట్టావే అమ్మా," అన్నాడు, "మూడడుగుల్లో ఉంది గుంట. ఎవరు నేర్పారు నీకు?"

"ఆగు," అన్నాను. "నాన్న సంగతి ఒకటి చెప్పాలి."

నవ్వు అప్పుడే సగం పోయింది. ఆ పేరెత్తితే అంతే. చెప్పాను. చీటీ దగ్గర మొదలుపెట్టాను, మంచు, జాకెట్టు, పొయ్యి, తడిసిన పంట్లాం, ఉత్త అద్దాలు, బియ్యంలో రాళ్ళు, పదిహేడో పేజీ. వాడు నన్ను చూడలేదు. జెండా గుడ్డని కర్రకి చుడుతున్నాడు, మొత్తం చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. కోడలు వచ్చి దూరంగా ఆగింది.

"నాన్నకి తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలుసు. ఆ సాయంత్రమే తెలుసు. నా పని పోతుందని చెప్పలేదు."

"అది కాదు." ఇప్పుడు నా వైపు చూశాడు. "నువ్వు తెలిసే ఊరుకున్నావని ఆయనకి తెలుసా?"

ఆ పుస్తకం చదివినప్పటి నుంచి ఆయన నా కోసం ఏం దాచాడో అదే తలుచుకున్నాను, రోజూ. నేను దాచింది ఆయన చూశాడా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. రోజూ అద్దాలు తుడిచి ఇచ్చేటప్పుడు ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి తీసుకునేవాడు. ఏమీ తెలియని పెళ్ళాన్ని కాపాడుకుంటున్నాననుకున్నాడా. లేక రోజూ ఆ ఒక్క క్షణం, ఇవాళైనా చెప్తుందేమోనని చూశాడా.

"నాకు తెలియదురా," అన్నాను.

వాడు తల ఊపాడు. వెనక జట్టు వాళ్ళు అవతలి దిబ్బ మీదికి చేరారు, మేం కదలాలని ఎవరో ఈల వేశారు. వాడు వెళ్ళి గుంటలో పాతిన గుర్తు కర్ర తీసి పక్కన నిలబడ్డాడు, బరువంతా ఒక కాలి మీద వేసి.

"కొట్టమ్మా," అన్నాడు, "వాళ్ళు ఆగి ఉన్నారు."

మూడడుగులు. గుంట నాకు కనపడలేదు. ఎన్ని దెబ్బలకి వేశానో కార్డులో కోడలు రాసింది, నేను అడగలేదు.

పేరు, పనిలో అందరూ పిలిచేదే రాస్తున్నాను, కలుపక్క. వయసు అరవై ఒకటి. ఉండేది మైదానం గేటు పక్క వరస ఇళ్ళలో చివరిది, ఇప్పటికీ మా అబ్బాయి దగ్గరే.